కరివేపాకు కుండీలో పురుగు, నేను అల్లిన పురుగు

జూలైలో వానలు మొదలయ్యాక ఒకరోజు బాల్కనీలో కరివేపాకు కోస్తుంటే ఆకు మీద పిట్ట రెట్ట కనపడింది, తుడిచేద్దామని చెయ్యి పెడితే అది కదిలింది. గోధుమ రంగు ఒళ్ళు, మధ్యలో తెల్లటి పట్టీ, అచ్చం రెట్టే. వెతికితే కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుక పిల్ల అని తెలిసింది, కరివేపాకు, నిమ్మ, బత్తాయి లాంటి ఆకులే దాని తిండి. మొత్తం మూడున్నాయి. మావారు వేపనూనె కొడదామన్నారు గానీ మా పాప కుండీకి అడ్డంగా నిలబడిపోయింది, ఇక ఉంచేశాం, కూరలోకి ఆకు బజార్లో కొనుక్కున్నాం.

పాపకి ఇంకో మాట కూడా ఇచ్చేశాను, అలాంటి పురుగునే క్రోషేతో, అంటే కొక్కెం సూదితో దారం అల్లిస్తానని. మాది నర్సాపురం వైపు, మా అమ్మమ్మ జీవితమంతా క్రోషేతోనే లేసు అల్లింది, 2024లో ఆ లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చిందని చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అయితే లేసు బల్లపరుపుగా పరిచేది, ఇది గుండ్రంగా గొట్టంలా అల్లుకుంటూ వెళ్ళి లోపల దూది కూరాలి, కుట్లు కొంచెం వదులైనా దూది బయటికి కనిపిస్తుంది. రెండుసార్లు విప్పేశాను.

ఈలోగా పురుగులు కుబుసం విడుస్తూ పెరిగాయి, నాలుగోసారి విడిచాక రెట్ట రంగు పోయి చిక్కటి ఆకుపచ్చ వచ్చేసింది. గొంగళిపురుగు అందామంటే ఒంటి మీద ఒక్క నూగు లేదు. పైన బుజాల దగ్గర రెండు పెద్ద కళ్ళు, నేనూ చక్కగా అక్కడే నల్లపూసలు కుట్టి వీడియో కాల్లో అమ్మమ్మకి చూపించా. "అది తినేటప్పుడు నోరెక్కడుందో చూశావటే?" అంది. వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చూశా. ఆ కళ్ళు వట్టి మచ్చలు! అసలు తల ఆ ఉబ్బు కింద ముడుచుకుని చిన్నగా ఉంది, ఆకు అంచు పట్టుకుని పైనుంచి కిందికి వంపుగా కొరుక్కుంటూ వస్తోంది, మళ్ళీ పైకెళ్ళి మొదలుపెడుతోంది. పుల్లతో మెల్లిగా తాకితే తల వెనకనుంచి ఎర్రటి రెండు కొమ్ములు చటుక్కున బయటికొచ్చాయి, ఘాటు వాసన, మళ్ళీ లోపలికి. పూసలు పీకేసి అక్కడ దారంతో మచ్చలు కుట్టాను, కింద చిన్న తల విడిగా అల్లి అతికించాను, కొమ్ములకి ఎర్ర దారం.

ఒక పురుగు ఓ పొద్దున్న కనపడలేదు, పిట్ట ఎత్తుకుపోయి ఉంటుంది. మిగతా రెండూ కొమ్మకి తోక అంటించుకుని, నడుం చుట్టూ ఒక సన్నని పట్టుదారం బెల్టులా కట్టుకుని ప్యూపాలైపోయాయి, అంటే సీతాకోకచిలుకగా మారేముందు కదలకుండా గూడులా ఉండే దశ. ఆ దారం చూసి నేను చాలాసేపు అక్కడే ఉండిపోయాను, ఒక్క పోగు, అంత బరువునీ ఆపుతోంది.

ఒక ప్యూపా గోధుమ రంగుకి తిరిగింది, రంగు మారడం మామూలే అని చదివాను కాబట్టి పట్టించుకోలేదు, కానీ తర్వాత దానికి సూదిమొనంత చిల్లు, అందులోంచి చీమలంత కందిరీగలు వరసగా బయటికొచ్చాయి. తల్లి కందిరీగ ప్యూపా లోపల గుడ్లు పెడితే, పిల్లలు దాన్ని లోపల్నుంచి తినేస్తాయట. పాపకి ఎలా చెప్పాలో తెలియలేదు, ఉన్నదున్నట్టు చెప్పేశాను, రాత్రి ఏడ్చింది, నాక్కూడా బాధేసింది.

మూడోది పదకొండో రోజుకి నల్లబడి రెక్కల తెల్ల మచ్చలు పైకి కనపడ్డాయి. మర్నాడు ఏడింటికి బయటికొచ్చి, తడిసి ముడుచుకున్న రెక్కలతో వేలాడుతూ మెల్లగా విప్పుకుంది. పాపని స్కూలుకి ఆలస్యంగా పంపించాను.

ఇప్పుడు అల్లిన పురుగుకి రెక్కలెప్పుడొస్తాయని రోజూ అడుగుతోంది. నల్ల దారం తెచ్చాను, వెనక రెక్క మీద తెల్ల మచ్చలు ఎన్నో ఫోటో పెద్దది చేసుకుని లెక్కపెడుతున్నా.