హవాయికి తిరిగొచ్చిన ఈకల వస్త్రం

2018లో హొనొలులు వెళ్లినప్పుడు, మా వాళ్లంతా వైకీకీ బీచ్ దగ్గర ఉండిపోతే నేను సిటీ బస్సెక్కి బిషప్ మ్యూజియంకి వెళ్లాను. అక్కడ నాకు ముఖ్యంగా చూడాలని ఉన్నది ఒక్కటే: కలానిఓపుఉ అనే రాజుగారి ఈకల వస్త్రం. హవాయి వాళ్లు దాన్ని అహు ఉలా అంటారు.

గాజు పెట్టెకి ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి చూశాను. ఎర్రటి ఈకల మధ్య నిండు పసుపు రంగు పట్టీలు. ఓలోనా అనే మొక్క నారతో సన్నటి వల అల్లి, కొన్ని కొన్ని ఈకలు కలిపి కుచ్చుగా కట్టి, ఒక్కో కుచ్చునీ ఆ వలకి ముడివేశారు. దాదాపు 20,000 పక్షుల ఈకలు పట్టాయట. పసుపు ఈకలిచ్చిన ఓఓ పక్షి జాతి ఇప్పుడు భూమ్మీద లేదు.

1779 జనవరి 26న కెయలకెకువా తీరంలో రాజు తన ఒంటి మీది ఈ వస్త్రాన్ని తీసి ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చిన నావికుడు కెప్టెన్ కుక్‌కి కప్పాడు. మూడు వారాలు తిరక్కుండానే కుక్ ఆ తీరంలోనే చనిపోయాడు. వస్త్రం ఇంగ్లండ్ చేరి, చేతులు మారి, 1912లో న్యూజిలాండ్‌కి వెళ్లింది. వెల్లింగ్టన్‌లోని తె పాపా మ్యూజియం 2016లో దాన్ని దీర్ఘకాలపు అరువు మీద హవాయికి పంపింది. అంటే 237 ఏళ్ల తర్వాత సొంత గడ్డకి వచ్చింది. అమరావతి శిల్పాల్ని లండన్‌లో చూసి రావాల్సి వస్తున్న మనకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

నా పక్కన ఒక పెద్దావిడ మనవరాలిని నిలబెట్టుకుని, కుచ్చులు ఏ వరస తర్వాత ఏ వరస కట్టారో గాలిలో వేలితో చూపిస్తోంది. మాట కలిపితే, తను ఇంట్లో ఈకల దండలు కడతానని, పాత పనితనం చూడ్డానికి వచ్చానని చెప్పింది. ఆ పిల్ల మాత్రం కదలకుండా చూస్తూనే ఉంది. ఇదే వస్త్రం వెల్లింగ్టన్‌లోనే ఉండిపోతే ఆవిడ ఎన్నాళ్లకి చూసేది?

పసిఫిక్ ప్రజలకి మ్యూజియంలు చేయగలిగిన మేలు ఇలాంటిదే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. దీవుల గురించి మనకి చెప్పడం కంటే ముందు ఆ దీవుల వాళ్లకి తలుపులు తీయాలి. ఆక్లండ్ మ్యూజియం 2016 నుంచి 2019 దాకా ఆ పనే చేసింది. 13 పసిఫిక్ దీవుల సమాజాల పెద్దల్ని స్టోర్‌రూముల్లో దాచిన వస్తువుల దగ్గరికే పిలిచి, వాటి పేర్లు, వాడకం వాళ్ల నోటే విని రికార్డుల్లోకి ఎక్కించింది. చదువుకున్న క్యురేటర్లు ఉండి కూడా అలా అడగడం నాకు చాలా నచ్చింది.

నేను చూసినప్పటికి ఆ వస్త్రం ఇంకా అరువు సొమ్మే. 2020లో తె పాపా దాన్ని, రాజుగారి ఈకల శిరస్త్రాణంతో సహా, హవాయికి శాశ్వతంగా ఇచ్చేసింది. వార్త చదవగానే ఆ పెద్దావిడే గుర్తొచ్చింది. ఇక గడువు తీరిపోతుందన్న టెన్షన్ లేకుండా మనవరాలిని ఎన్నిసార్లయినా తీసుకెళ్లవచ్చు.