లేహ్ చలికి బెంగళూరులో సర్దిన సంచి

డిసెంబరు తెల్లవారుజామున సీసాలో కొబ్బరినూనె పేరుకుంటే బెంగళూరులో చలికాలం వచ్చినట్టే. ఈ ఊళ్లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884లో. జనవరిలో మేం నలుగురం వెళ్లింది లడఖ్‌లోని లేహ్‌కి. ఎత్తు 3,500 మీటర్లు, రాత్రిళ్లు మైనస్ 15, ఒక్కోసారి ఇంకా కిందికి. మారతహళ్లిలో లావుపాటి స్వెటర్లు నాలుగు కొనేస్తే గట్టెక్కే చలి కాదది.

ఒంటిని కాపాడేది బట్టల పొరల మధ్య చిక్కుకున్న పొడి గాలి. ‘పొడి’ అన్నదే అసలు సంగతి. కాటన్ బనియన్ చెమట పీల్చి వదలదు. నడక ఆపగానే ఆ తడే ఒంట్లో వేడిని లాగేస్తుంది. అందుకే ఒంటికి అంటుకుని పాలిస్టర్ లేదా మెరినో ఉన్ని థర్మల్స్ రెండు జతలు, వాటిమీద మెత్తటి ఫ్లీస్ స్వెటర్, దానిమీద బాతు నూగు నింపిన డౌన్ జాకెట్, అన్నిటికీ పైన గాలి దూరని పలచటి పైకోటు (షెల్) సర్దుకున్నాం. జీన్స్ ఇంట్లోనే. నడిచేటప్పుడు కాస్త చలి అనిపించేంతే వేసుకుని, ఆగిన వెంటనే డౌన్ తొడుక్కోవాలి. మనవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తారు: అన్నీ వేసుకుని ఎక్కుతారు, చెమట పట్టాక విప్పుతారు.

ఎక్కువమంది పప్పులో కాలేసేది బూట్ల దగ్గర. మామూలు సైజే కొని రెండు జతల సాక్సులు కూరితే పాదం బిగుసుకుని రక్తం ఆడదు, వేళ్లు మొద్దుబారతాయి. ఆ సాక్సులు తొడుక్కునే షాపుకెళ్లి, సాయంత్రం పూట, ఒక సైజు పెద్దవి చూసుకోండి. లోపల వేళ్లు ఆడాలి. చేతులకు వేళ్లన్నీ ఒకే గదిలో ఉండే మిటెన్లు మేలు, ఫోన్ నొక్కడానికి వాటి కింద పలచటి గ్లౌజులు.

విమానంలో 15 కిలోల సామాను దాటకుండా బూట్లు, జాకెట్ ఒంటిమీదే వేసుకున్నాం. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. మనాలీ దారి శీతాకాలంలో మూసేస్తారు, ఢిల్లీలో పొగమంచు విమానాలను ఆపేస్తుంది. కాబట్టి ప్లానులో ఒక ఖాళీ రోజు పెట్టుకోవడం తప్పదు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేందుకు మొదటి రెండు రోజులు గదిలోనే విశ్రాంతి. ఎత్తు పడక వచ్చే జబ్బుకు వాడే ఎసిటజోలమైడ్ మాత్రలు డాక్టరును అడిగాకే. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. తలనొప్పి ఉంటే ఇంకా పైకి వెళ్లకూడదు. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఆసుపత్రికే, తెల్లారేదాకా చూద్దాం అనడానికి లేదు.

గెస్ట్‌హౌస్‌లో పైపులు గడ్డకట్టి ఉంటాయి, నీళ్లు బకెట్లలోనే. ‘జూలే’ (లడఖీలో నమస్తే) అంటూ ఇంటామె గది వేడెక్కించే పొయ్యి, బుఖారీ, వెలిగించి వెళ్తుంది. పడుకునే ముందు దాన్ని ఆర్పాల్సిందే. మూసిన గదిలో దాన్నుంచి చేరే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాదు. ఫోన్, కెమెరా బ్యాటరీలు, రేపటి సాక్సులు రజాయిలో పెట్టుకుని పడుకోవాలి. చలికి బ్యాటరీ లోపలి నిరోధం పెరిగి, 40 శాతం చూపిస్తూనే ఫోన్ ఆరిపోతుంది. నీళ్ల సీసాను తలకిందులుగా నిలబెట్టండి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్లు మిగులుతాయి. ఆ ఎత్తులో నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడికించాలనుకునేవాళ్లకు ఓపిక చాలా కావాలి.

లేహ్ ఊళ్లో మంచు తక్కువే, అది చలి ఎడారి. అసలు మంచు ఖర్దుంగ్ లా కనుమ దారిలో. తారురోడ్డు తడిగా మెరిసినట్టు కనిపించే చోట ఉన్నది నీళ్లు కాదు, అద్దంలాంటి మంచు పొర. డ్రైవరు అక్కడ బండి ఆపి టైర్లకు గొలుసులు బిగించాడు. మామూలు డీజిల్‌లో ఉండే మైనం ఆ చలికి గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోతుంది. మైనస్ 33 వరకు తట్టుకునే శీతాకాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో లడఖ్‌కు తెచ్చింది. నల్ల కళ్లద్దాలు తీయొద్దు, మంచుమీంచి తిరిగొచ్చే ఎండ కళ్లను కాలుస్తుంది. గదిలోకి రాకముందే కెమెరాను జిప్ కవర్లో పెట్టి మూయాలి, లేదంటే గదిలోని తేమ లెన్సుమీద పేరుకుంటుంది.

తిరిగొచ్చాక డౌన్ జాకెట్‌ను చుట్టి సంచిలో కుక్కొద్దు. నూగు చాలాకాలం అణిగి ఉంటే మళ్లీ మునుపటంత పొంగదు. హ్యాంగర్‌కి వేలాడదీసి, జూన్ వానలకు ముందు ఒకసారి నీడలో ఆరబెట్టండి.