ఒగ్బెచె ఎక్కడా నిలవలేదట

పడుకుందామనే అనుకున్నాను. పొద్దున్నే అత్తయ్యని రక్తపరీక్షకి తీసుకెళ్లాలి, మా అబ్బాయి పండుకి స్కూలు. కానీ బావగారి మాట బుర్రలోంచి పోవడం లేదు.

భోజనాల దగ్గర పండు వేసుకున్న పసుపు జెర్సీ చూసి, వెనకాల ఆ పేరెవరిదిరా అని అడిగారు. ఒగ్బెచె అని వాడు సంబరంగా చెప్పాడు. ఆయన ఫోన్ తీసి వెతికి, ఆ ఫుట్‌బాల్ ఆటగాడు ఆడిన క్లబ్బుల పేర్లన్నీ ఒక్కొక్కటే పైకి చదివారు. "ఇన్ని చోట్లా? అంటే ఎక్కడా నిలవలేదన్నమాట. ఇలాంటివాడి పేరా నువ్వు వీపు మీద వేసుకు తిరిగేది?" అనేసి, కాస్త పప్పు వెయ్యమ్మా అన్నారు. ఈయన తలెత్తలేదు. ఈయన కూడా ఉద్యోగాలు మారుతూ వచ్చిన మనిషే కాబట్టి ఆ మాట ఎవరికి తగలాలని అన్నారో వేరే చెప్పక్కర్లేదు. పండు మాత్రం ఆ తర్వాత నోరు విప్పలేదు. చెయ్యి కడుక్కుని లేచి, జెర్సీ విప్పేసి మామూలు చొక్కా వేసుకొచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

సరే, ఆ పేర్లే చూద్దాం. బార్తలోమ్యూ ఒగ్బెచె పుట్టింది నైజీరియాలోని ఒగోజాలో. పిల్లవాడిగా ఉన్నప్పుడే పారిస్ సెయింట్ జెర్మైన్ క్లబ్‌కి వెళ్లాడు, రొనాల్డినో అక్కడ ఆడుతున్న రోజుల్లో. 2002 ప్రపంచ కప్‌లో అర్జెంటీనా మీద నైజీరియా దింపిన పదకొండు మందిలో ఉన్నాడు. అప్పటికి 17 ఏళ్లు! ఇంటర్ చదివే వయసు. ఆ తర్వాత పారిస్ వాళ్లు బాస్తియాకి, మెట్జ్‌కి లోన్ మీద, అంటే కొన్నాళ్లు అరువుగా, పంపారు. అక్కణ్ణుంచి అబుదాబి. తర్వాత స్పెయిన్‌లో అలవేస్, వయ్యదోలిద్, కాదిజ్. గ్రీస్‌లో కవాలా, ఇంగ్లండ్‌లో మిడిల్స్‌బ్రో, మళ్లీ స్పెయిన్‌లో హెరెజ్. ఐరోపాలో చివరగా నెదర్లాండ్స్‌లో కాంబూర్, విలెమ్ టూ.

ఇందులో నిలకడ లేనిది ఎవరికి? 2011లో మ్యాచ్ ఫిక్సింగ్ గొడవలో కవాలాని గ్రీస్ మొదటి డివిజన్ నుంచి తీసేశారు. హెరెజ్ 2013లో రెండో డివిజన్‌లో అట్టడుగున మిగిలింది, అప్పులు తీర్చలేక ఇంకో మెట్టు కూడా కిందికి పడింది. అలవేస్ దివాలా అంచుదాకా వెళ్లొచ్చింది. ఇలాంటి క్లబ్బుల్లో ఏడాదికో రెండేళ్లకో రాసుకునే కాంట్రాక్టులు. జట్టు కింది డివిజన్‌కి పడిపోయినా, కొత్త కోచ్ వచ్చినా, జీతం ఎక్కువున్న విదేశీ ఆటగాడే ముందు బయటికి. కంపెనీ మూతపడితే గుమాస్తాది నిలకడలేనితనం అంటామా?

ఇంతవరకూ రాసి మంచినీళ్లు తాగొచ్చాను. మళ్లీ చదువుకుంటే ఇది కూడా సరిగ్గా లేదనిపిస్తోంది. తప్పంతా క్లబ్బులదే అంటే, ఒగ్బెచె ఎటు తోస్తే అటు పోయిన మనిషైపోతాడు. బావగారు వెటకారంతో తక్కువ చేశారు, నేను జాలితో తక్కువ చేస్తున్నాను. అతని నిర్ణయాలు అతనికీ ఉన్నాయి కదా. 2018లో, 33 ఏళ్ల వయసులో, ఐరోపా వదిలి గువాహటి వచ్చాడు. ఇండియన్ సూపర్ లీగ్‌లో 12 గోల్స్ కొట్టి అక్కడి నార్త్‌ఈస్ట్ జట్టుని మొదటిసారి ప్లేఆఫ్స్‌కి, అంటే కప్పు కోసం ఆడే చివరి మ్యాచులకి, చేర్చాడు. కోచ్ ఎల్కో స్కటోరీ కేరళకి మారితే తనూ కేరళకి వెళ్లి 15 కొట్టాడు. మరుసటి ఏడాది ముంబైతో కప్పు గెలిచాడు. గెలిచిన జట్టుని వదిలి హైదరాబాద్ వచ్చాడు. ఇక్కడ 18 గోల్స్, ఆ సీజన్లో అందరికన్నా ఎక్కువ కొట్టినందుకు గోల్డెన్ బూట్, అప్పటివరకు లీగ్ చరిత్రలోనే అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన రికార్డు. అప్పటికి 37 ఏళ్లు. ఆ లీగ్ స్థాయి వేరు కదా అంటారు ఈయన. వేరే, ఒప్పుకుంటాను. అయినా ఆ వయసులో, తనకన్నా పదిహేనేళ్లు చిన్నవాళ్ల మధ్య అన్ని గోల్స్ ఊరికే రావు.

2022 మార్చి 20, ఆదివారం. గోవాలో హైదరాబాద్, కేరళ మధ్య ఫైనల్. ఫటోర్డా స్టేడియం నిండా కేరళ అభిమానులే. మా ఇంట్లో నాన్న కూడా ఉన్నారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే ఆయనకి పాతకాలం కోచ్ రహీం సాబ్ తర్వాత ఇంకేం లేదు, 1962 ఆసియా క్రీడల స్వర్ణం దగ్గరే ఆగిపోతారు. 68వ నిమిషంలో రాహుల్ గోల్‌తో కేరళ ముందుకెళ్లగానే టీవీ కట్టెయ్యమన్నారు. పండు రిమోట్ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాడు. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా ఎక్కడో దూరం నుంచి కొట్టిన బంతి గోల్‌లో పడింది. నాన్న "రహీం సాబ్!" అని అరిచారు, ఎందుకలా అరిచారో ఆయనకే తెలియాలి. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపేశాడు. ఇంట్లో ఎవరు ఎవర్ని పట్టుకుని ఎగిరామో గుర్తులేదు. ఆ మ్యాచ్‌లో ఒగ్బెచె గోల్ కొట్టలేదు. కానీ మర్నాడు పండు అడిగింది అతని పేరున్న జెర్సీయే, తవోరాది కాదు. సీజనంతా మమ్మల్ని అక్కడిదాకా తెచ్చిందెవరో వాడికి తెలుసు.

ఇంతకీ బావగారి ఫోన్‌లో కనిపించనిది ఒకటుంది. 2023లో ఒగ్బెచె వెళ్లిపోయాడు. ఆ మరుసటి సీజన్లో హైదరాబాద్ క్లబ్ జీతాల గొడవల్లో పడి పట్టికలో ఆఖరున మిగిలింది. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఊరు మారినందుకు ఆటగాణ్ణి తప్పుపడుతున్నారు కదా, ఊరినే వదిలేసిన క్లబ్‌ని ఏమంటారో నాకు వినాలనుంది.

ఆ పెద్దాయనతో వాదనెందుకు, వదిలెయ్ అంటున్నారు ఈయన. శనివారం బావగారు మళ్లీ వస్తారు. పండు ముందు అన్నారు కాబట్టి పండు ముందే చెప్తాను.