మా డాబా మీద నీళ్లు, 1380 కోట్ల ఏళ్ల కథ

విజయవాడ సత్యనారాయణపురంలో మా డాబా చూడ్డానికి బల్లపరుపుగానే ఉంటుంది, మేస్త్రీ లెవెల్ పైపు పెట్టి మరీ చూపించాడు, కానీ వాన పడిందంటే నీళ్లన్నీ ట్యాంకు పక్కన ఒకే మూల చేరతాయి. నిన్న చీపురుతో ఆ నీళ్లు తోస్తుంటే విశ్వం గుర్తొచ్చింది. నవ్వకండి.

1380 కోట్ల ఏళ్ల కిందట విశ్వం మొదలైన ఘట్టం, అంటే బిగ్ బ్యాంగ్ తర్వాత సుమారు 3,80,000 ఏళ్లకు బయల్దేరిన కాంతి మైక్రోవేవ్‌ల రూపంలో ఇప్పటికీ మన మీద పడుతోంది. ఏ దిక్కున చూసినా దాదాపు ఒకటే వేడి, 2.7 కెల్విన్ (సుమారు మైనస్ 270 డిగ్రీల సెల్సియస్). 1992లో కోబ్ ఉపగ్రహం అందులో తేడాలు పట్టుకుంది: లక్షలో ఒక వంతు. అంతే! మా మేస్త్రీ అయితే దాన్ని పక్కా లెవెల్ అనేవాడు.

గురుత్వాకర్షణకు మాత్రం అదే చాలు: వేడిలో తేడా అంటే పదార్థం ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉన్నట్టే. కాస్త చిక్కగా ఉన్నచోటు చుట్టుపక్కల పదార్థాన్ని లాక్కుంటుంది, లాక్కున్నకొద్దీ బలం పెరిగి ఇంకా లాగుతుంది. మామూలు పదార్థాన్ని అప్పట్లో కాంతి ఒత్తిడి ఒకచోట చేరనివ్వలేదు. కృష్ణ పదార్థానికి (కాంతితో పని లేని, కంటికి కనపడని పదార్థం; మన కృష్ణానదికి సంబంధం లేదు) ఆ బాధ లేదు కాబట్టి ముందే గుంతలు చేసి ఉంచింది, తర్వాత హైడ్రోజన్ వాటిలోకి జారింది. అలా గెలాక్సీలు దారాల్లా అల్లుకుని, మధ్యలో కోట్ల కాంతి సంవత్సరాల ఖాళీలు మిగిలాయి.

మరి ఆ మొదటి తేడా ఎక్కడిది? అణువుకన్నా చిన్న క్వాంటం కదలికలే ఇన్‌ఫ్లేషన్‌లో (విశ్వం పుట్టిన తొలి క్షణంలోనే ఒక్కసారిగా ఉబ్బిపోవడం) సాగిపోయాయని ఎక్కువమంది అంటారు. తేలాల్సింది ఇంకా ఉన్నా, నాకూ నమ్మబుద్ధవుతుంది.

మేస్త్రీకి ఫోన్ చేశాను. సోమవారం వస్తానన్నాడు.