చాదర్‌ఘాట్ దాకా తీసుకెళ్లిన చేతులు

మలక్‌పేటలో పదకొండేళ్లు ఉండి, గత నెలలో కూకట్‌పల్లికి ఇల్లు మారాము. మొన్న సాయంత్రం లక్డీకాపూల్‌లోని ఆఫీసు నుంచి బయలుదేరి, మనసులో ఏవో లెక్కలు వేసుకుంటూ స్కూటరు నడుపుతున్న నేను, మూసీ వాసన ముక్కుకు తగిలి తేరుకునేసరికి చాదర్‌ఘాట్ వంతెన మీద ఉన్నాను. ఖైరతాబాదు వైపు తిరగవలసిన బండి నాంపల్లి, కోఠి దాటి పాత ఇంటి దారి పట్టింది.

ఆలస్యమెందుకైందని మా ఆవిడ అడిగితే, "కోఠిలో పాత పుస్తకాలు చూద్దామని వెళ్లాను" అన్నాను. అంటున్న క్షణంలో అది అబద్ధమని నాకు తోచలేదు. నన్ను ఆలోచనలో పడేసింది దారి తప్పడం కాదు, ఈ జవాబు.

దారి సంగతి కొంత తేలిక. పదేపదే చేసిన పనులను నడిపించడంలో మెదడు లోతున ఉన్న బేసల్ గాంగ్లియాది పెద్ద పాత్ర. వాటికి మన ఎరుకతో అంతగా పని ఉండదు. 1953లో మూర్ఛవ్యాధికి జరిగిన శస్త్రచికిత్సలో కొత్త జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగాన్ని రెండు వైపులా చాలావరకు కోల్పోయిన హెన్రీ మొలైసన్, కొత్త సంఘటన ఏదీ గుర్తుంచుకోలేకపోయేవాడు. అయినా అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల వెంట పెన్సిలు నడిపే పనిని మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ అతని చేత చేయిస్తే, మూడు రోజుల్లో చేయి తిరిగింది. ఆ పని ముందు చేసినట్టు మాత్రం అతనికి గుర్తే లేదు. అచేతనం అనగానే ఫ్రాయిడ్ చెప్పిన అణచిన కోరికలే మనకు గుర్తొస్తాయి గానీ, నా స్కూటరును తిప్పిన దానిలో అణచిపెట్టినదేమీ లేదు (మలక్‌పేట మీద మమకారం ఉందిగా అంటే కాదనలేను).

జవాబు సంగతే చిక్కు. మెదడు రెండు అర్ధభాగాలను కలిపే తంతువులను కోసిన ఒక రోగి విషయంలో మెదడు శాస్త్రవేత్త మైఖేల్ గజానిగా, మాట్లాడే ఎడమ భాగానికి కోడికాలును, కుడి భాగానికి మంచు దృశ్యాన్ని చూపించారు. ఎడమ భాగం నడిపే కుడిచేయి కోడి బొమ్మను, కుడి భాగం నడిపే ఎడమచేయి పార బొమ్మను ఎంచుకున్నాయి. పార ఎందుకని అడిగితే, మంచు సంగతే ఎరుగని ఎడమ భాగం తడుముకోకుండా, కోళ్లగూడు శుభ్రం చేయడానికి పార కావాలి కదా అన్నది.

కొద్దిమంది రోగులను చూసి అందరినీ అలా లెక్కగట్టడం తొందరపాటే. అయితే 1977లో మనస్తత్వవేత్తలు నిస్బెట్, విల్సన్ ప్రచురించిన పరిశీలనలో పాల్గొన్నవారు మామూలు మనుషులే. వరుసగా పెట్టిన నాలుగు జతల మేజోళ్లలో మిగతా వాటికంటే కుడి చివరి జతనే ఎక్కువమంది మెచ్చుకున్నారు, కారణాలూ చెప్పారు. నాలుగు జతలూ ఒకటే.

మా ఆవిడ నా సంచీ వైపు చూసి, "మరి పుస్తకాలేవండీ?" అని అడిగింది. కొట్లు మూసేశారన్న మాట అప్పటికే నా నోటిదాకా వచ్చింది.