చిల్లు చిన్నదే, ఓడ మాత్రం వంగిపోయింది

1939 నవంబరు 21న స్కాట్లాండ్‌లోని ఫర్త్ ఆఫ్ ఫోర్త్‌లో బ్రిటిష్ క్రూజర్ (యుద్ధనౌక) హెచ్‌ఎంఎస్ బెల్‌ఫాస్ట్ కింద జర్మన్ అయస్కాంత మైన్ (ఉక్కు ఓడ అయస్కాంత ప్రభావానికి పేలే నీటి మందుపాతర) పేలింది. బాయిలర్ గది కింద పడిన చిల్లు చిన్నదే. కానీ కీల్ (ఓడ అడుగున పొడవునా ఉండే వెన్నెముక లాంటి దూలం) నడుమ 3 అంగుళాలు పైకి వంగింది, డెక్కులు వంకరపోయాయి, యంత్రాలు విరిగాయి. ఓడ తిరిగి నౌకాదళంలో చేరేసరికి 1942 నవంబరు.

నీటి కింద పేలుడు ఓడకి కొట్టే దెబ్బలు రెండు. ఉదాహరణకి 250 కిలోల టీఎన్‌టీ (పేలుడు పదార్థం) ఓడ అడుగుకి 20 మీటర్ల దూరంలో పేలిందనుకుందాం. మొదట తగిలే షాక్ తరంగపు పీడనం వాతావరణ పీడనానికి సుమారు 140 రెట్లు. ఒక మిల్లీసెకను లోపే అది మూడో వంతుకి దిగిపోతుంది. ఈలోగా అడుగు పలక లోపలికి విసురుగా కదులుతుంది. ఆ ఊపు ఫ్రేముల (ఓడ పక్కటెముకల) మీదుగా యంత్రాల కాళ్లకి చేరుతుంది. పోత ఇనుము సాగదు, పుటుక్కున విరుగుతుంది. అందుకే యుద్ధనౌకల్లో యంత్రాల కాళ్లకి పోత ఇనుము వాడరు, కింద సాగే మౌంట్లు పెడతారు.

అయితే మౌంటు పెట్టగానే పని అయిపోదు. పంపు ఊగుతుంది, దాని పైపు గోడకి బిగించి ఉంటుంది. విరిగేది ఫ్లాంజి (పైపుని బోల్టులతో పంపుకి బిగించే అంచు) మెడ దగ్గర. మధ్యలో వంగే గొట్టం ముక్క ఉండాలి, పంపు చుట్టూ ఊగడానికి ఖాళీ వదలాలి. తర్వాత ఎవరో వచ్చి ఆ ఖాళీలో కేబుల్ ట్రే బిగిస్తే కథ మొదటికొస్తుంది.

రెండో దెబ్బ బుడగది. అసలు ప్రమాదం ఇక్కడే అంటాను. పేలుడు వాయువు ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది, మళ్లీ ఉబ్బుతుంది. ఒక విడతకి పట్టే సెకన్లు: 2.11 × బరువు ఘనమూలం ÷ (లోతు + 10) ఘాతం 5/6. పేలుడు పదార్థం బరువు కిలోల్లో, పేలిన లోతు మీటర్లలో. అదే 250 కిలోలు 20 మీటర్ల లోతున పేలితే దాదాపు 0.78 సెకను, బుడగ వ్యాసార్ధం సుమారు 6.9 మీటర్లు. పెద్ద యుద్ధనౌక మొత్తంగా వంగి ఊగే సహజ వేగం సెకనుకి ఒకటి, రెండు సార్లే. ఈ రెండూ కలిశాయా, ఉయ్యాలని సరైన సమయంలో తోసినట్టే. బుడగ పీడనం షాక్ తరంగంకంటే తక్కువైనా ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి కీల్‌ని వంచగలదు. లోతు పెరిగితే విడత కురచవుతుంది; అంటే అదే మైన్ 40 మీటర్ల లోతున ఇదే ఓడని వేరేలా ఊపుతుంది.