స్నాప్‌షాట్‌కి వెళ్తే పోయే 86 బిల్లులు

తెనాలిలో మా బాబాయి ఎరువుల షాపు బిల్లింగ్ అంతా ఒక పాత డెస్క్‌టాప్ మీద నడిచే వర్చువల్ మిషన్‌లో (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది) ఉంటుంది. లోపల ఉబుంటు 20.04 అనే ఆపరేటింగ్ సిస్టమ్, బిల్లులు దాచే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, ఎప్పుడో ఎవరో పీహెచ్‌పీ భాషలో రాసిచ్చిన ప్రోగ్రాము. బయట ఆ మిషన్‌ని నడిపే కేవీఎం, మిషన్ డిస్కు మొత్తం క్యూకౌ2 అనే రకం ఒకే ఫైలు. 20.04కి మామూలు సపోర్టు 2025 మే నెలతోనే అయిపోయింది కదా అని నవంబరు 8, శనివారం రాత్రి షాపు కట్టేశాక మిషన్ ఆపి, కావాలంటే అప్పటి స్థితికి వెనక్కి వెళ్లేలా స్నాప్‌షాట్ తీసి, 22.04కి మార్చాను. ఆదివారం బిల్లులు బాగానే పడ్డాయి.

సోమవారం సాయంత్రం బాబాయి ఫోను. "ఒరేయ్, నెల రిపోర్టు నొక్కితే తెల్లగా వస్తందిరా. జీఎస్టీఆర్-1కి రేపే ఆఖరు." అమ్మకాల లెక్కతో వేసే జీఎస్టీ రిటర్న్ అది.

విజయవాడ నుంచి బండేసుకుని వెళ్లి చూస్తే సంగతి తెలిసింది. కొత్త ఉబుంటుతో పీహెచ్‌పీ 7.4 పోయి 8.1 వచ్చింది, 'ఈచ్' అనే ఫంక్షన్‌ని 8లో పూర్తిగా తీసేశారు, మా రిపోర్టు ఫైళ్ల నిండా అదే. కూర్చుని మార్చొచ్చు, కానీ ఆ రాత్రికి అయ్యే పని కాదు. వెనక్కి వెళ్లడమే దారి, కాకపోతే వెనక్కి అంటే శనివారం రాత్రికి, అంటే ఆ తర్వాత కొట్టిన 86 బిల్లులూ పోతాయి.

స్నాప్‌షాట్ అంటే డిస్కుకి ఇంకో కాపీ అనుకుంటారు చాలామంది, నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. క్యూకౌ2లో డిస్కు మామూలుగా 64 కేబీ ముక్కలుగా ఉంటుంది, స్నాప్‌షాట్ తర్వాత ఏ ముక్క మారినా పాతదాన్ని ముట్టుకోకుండా కొత్తదాన్ని వేరే చోట రాస్తుంది. వెనక్కి వెళ్లడమంటే ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టికని పాతదానికి తిప్పడమే. అందుకే రెండు సెకన్లలో అయిపోతుంది, కొత్త ముక్కలకి మాత్రం ఇక దిక్కుండదు.

కాబట్టి ముందు డేటాబేస్ మొత్తం డంప్ తీశాను, అంటే అందులో ఉన్నదంతా ఒక ఫైల్లోకి రాయించాను. తర్వాత మిషన్‌కి షట్‌డౌన్ ఇచ్చి, అది పూర్తిగా ఆగకముందే స్నాప్‌షాట్ కమాండ్ కొడితే డిస్కు ఫైల్లో రాసే హక్కు, అంటే 'రైట్ లాక్', దొరకలేదని తిట్టింది. మంచిదే, నడుస్తున్న డిస్కు మీద ఈ పని చేస్తే ఫైలే పాడవుతుంది. ఆగాక, ఎందుకైనా మంచిదని 47 జీబీ ఫైలుని యూఎస్‌బీ డిస్కులోకి కాపీ పెట్టాను. అరగంట పైనే పట్టింది, ఈలోపు బాబాయి రెండుసార్లు టీ తెప్పించి నాలుగుసార్లు "అయిందా" అన్నాడు. అదే స్నాప్‌షాట్ కమాండ్‌కి మైనస్ ఎల్ పెట్టి లిస్టు చూసి, శనివారం తేదీ సరిచూసుకుని, వెనక్కి తిప్పే మైనస్ ఏ కొట్టాను. మిషన్ లేచింది, పాత పీహెచ్‌పీ వచ్చింది, రిపోర్టు కూడా వచ్చింది.

డంప్ ఎక్కిద్దామని చూస్తే లేదు. ఎందుకుంటుంది, తీసింది ఆ మిషన్ లోపలే, నా హోమ్ ఫోల్డర్‌లో! శనివారం రాత్రికి ఆ ఫైలు ఇంకా పుట్టనే లేదు. చెమటలు పట్టాయి, బాబాయికి మాత్రం చెప్పలేదు.

యూఎస్‌బీ కాపీ లేకపోతే నా పని అయిపోయేది. డిస్కు ఫైలుని మామూలు డిస్కులా చూపించే ఎన్‌బీడీ మాడ్యూల్ లోడ్ చేసి, ఆ కాపీని రీడ్-ఓన్లీగా (చదవడానికే, మార్చకుండా) కలిపి, అందులో రెండో పార్టిషన్ మౌంట్ చేస్తే (తెరిస్తే) డంప్ అందులో భద్రంగా ఉంది. రెండు ఉబుంటుల్లోనూ మైఎస్‌క్యూఎల్ 8.0యే కాబట్టి పేచీ పెట్టకుండా ఎక్కింది. కౌంటర్లో ఉన్న ఆఖరి బిల్లు కాగితం తెచ్చి నంబరు పోల్చాం, సరిపోయింది. రిటర్న్ పదకొండున్నరకి వెళ్లింది.

ఆ స్నాప్‌షాట్ ఇంకా తీసెయ్యలేదు. 'ఈచ్' ఉన్న చోటల్లా 'ఫర్‌ఈచ్' పెడుతున్నాను, పదిహేడు ఫైళ్లు అయ్యాయి, ఇంకో తొమ్మిది ఉన్నాయి.